పేలు చూసే తల్లి, లేసు అల్లే పిల్ల

ఒక తల్లి కుర్చీలో కూర్చుని ఉంది. కూతురు మోకాళ్లమీద వంగి ఆమె ఒడిలో తల పెట్టింది. తల్లి రెండు చేతులతో జుట్టు పాయలు తీస్తూ పేలు చూస్తున్నది. అవతలి గదిలో ఎండ పడుతున్నది. చిన్న కుక్క ఒకటి వీరికి వీపు పెట్టి ఆ వెలుతురు వైపే చూస్తూ కూర్చుంది.

ఇది దుమ్ముగూడెంలో మధ్యాహ్నంపూట ఏ ఇంట్లోనో చూసి వ్రాసిన సంగతి అనుకుంటున్నారా? కాదు. పీటర్ డి హోఖ్ అనే హాలండు దేశపు చిత్రకారుడు 1660 ప్రాంతంలో వేసిన పటమిది. నేడు ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో ఉంది. రాజులు, యుద్ధాలు, దేవదూతలు ఉండవలసిన చోట పేలు చూసే తల్లిని ఎందుకు కూర్చోబెట్టాడో కాస్త ఆలోచించవలసిన విషయమే.

అంతకుముందు ఐరోపాలో చిత్రకారులకు పెద్ద పోషకురాలు సంఘమే. బలిపీఠాల వెనుక పెట్టే పటాలకు మంచి వెల వచ్చేది. మతసంస్కరణ వచ్చిన తరువాత ఆ గిరాకీ పోయింది. 1566లో జనం అనేక మందిరాలలోకి చొరబడి ప్రతిమలను, పటాలను ధ్వంసం చేశారు. తరువాత హాలండులోని సంస్కరణ మందిరాలు సున్నం కొట్టిన తెల్లగోడలతోనే మిగిలాయి. చిత్రకారులు మరి ఎవరికి అమ్ముకోవాలి? వ్యాపారం పెరిగి చేతిలో డబ్బు ఆడుతున్న మధ్యతరగతి కుటుంబాలకు. వారు తమ ఇంటి గోడకు తగిన చిన్న పటాలు కోరారు. ఆ పటాల్లో తమ ఇల్లే, తమ పెరడే, తమ వంటగదే కనిపించింది.

నికోలాస్ మేస్ వేసిన ముసలమ్మను చూడండి. ఒంటరిగా బల్లముందు కూర్చుని, కళ్లు మూసుకుని, చేతులు జోడించి భోజనానికి ముందు ప్రార్థన చేసుకుంటున్నది. బల్లమీద రొట్టె, చేప. క్రింద పిల్లి ఆ బల్లగుడ్డను గోళ్లతో పట్టి లాగుతున్నది! ఇంకొక్క క్షణంలో గిన్నెలన్నీ నేలమీద పడవచ్చు. ఆమెకు తెలియదు. ఇంట్లో పిల్లిని పెంచేవారికి ఈ పటాన్ని వివరించి చెప్పనక్కరలేదు.

యాన్ స్టేన్ ఇంకో రకం మనిషి. అతని ఇళ్లల్లో పెద్దలు త్రాగి పాడుతుంటే పిల్లలు గొట్టాలు పట్టి పొగ పీలుస్తుంటారు. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అని మనవాళ్లు అనేది ఇదే. ఈనాటికీ హాలండులో చిందరవందరగా ఉన్న ఇంటిని యాన్ స్టేన్ ఇల్లు అంటారు.

ఇక డెల్ఫ్ట్ పట్టణపు యొహానెస్ వెర్మీర్. 1632లో పుట్టి 1675లో మరణించాడు. ఇప్పుడు అతనివని చెప్పదగిన పటాలు దాదాపు ముప్పై అయిదే. వాటిలో ఒక పనిమనిషి పాలు పోస్తూ ఉంటుంది. కూజా నుండి సన్నని ధార, బల్లమీద రొట్టెముక్కలు, గోడకు ఒక మేకు, అంతే. ఆ రొట్టెమీద వెలుగు ఎంత ప్రేమతో వేశాడో! ఆయన ఇంట మాత్రం పదిమందికి పైగా పిల్లలు, మెడలోతు అప్పులు. ఆయన పోయిన తరువాత రొట్టెల బాకీ 617 గిల్డర్లు ఉంటే, భార్య కతరీనా రెండు పటాలను రొట్టెలవాడికి అప్పగించవలసి వచ్చింది.

ఆ డెల్ఫ్ట్ పేరు మన తీరానికి కొత్తది కాదు. 1605లో మచిలీపట్నానికి వచ్చిన డచ్చి ఓడ పేరు కూడా డెల్ఫ్టే. మన నేతగాళ్ల గుడ్డలు ఓడలెక్కి వెళ్లి హాలండు ఇళ్లకు చేరాయి. ఆ పటాల్లోని ఇళ్లు అంత కళకళలాడటంలో అటువంటి వ్యాపారపు సొమ్ము కూడా ఉన్నదని మరువరాదు.

వెర్మీర్ వేసిన లేసు అల్లే పిల్ల పారిస్‌లోని లూవ్రులో ఉంది. ఇరవై నాలుగు సెంటీమీటర్ల ఎత్తు, ఇరవై ఒక్క సెంటీమీటర్ల వెడల్పు. మన పాటల పుస్తకం తెరిచి పట్టుకున్నంత. ఆమె దిండుమీద గుండుసూదులు గుచ్చి, దారం చుట్టిన చిన్న కండెలను రెండు చేతుల వేళ్లతో పట్టుకుని వంగి చూస్తున్నది. మనవైపు చూడదు. ప్రక్కన ఒక చిన్న పుస్తకం. అది ప్రార్థనల పుస్తకమో బైబిలో కావచ్చునని అంటారు. సామెతలు 31వ అధ్యాయంలోని గుణవతియైన భార్య గుర్తుకు రావడం సహజమే. ఆనాటి హాలండువారికీ ఆ అధ్యాయం బాగా తెలుసు.

ఈ పటం చూచినప్పుడెల్లా నా మనస్సు గోదావరి ఒడ్డుకు పోతుంది. ఆనకట్ట కట్టిన దుమ్ముగూడెంలో చర్చి మిషనరీ సొసైటీ వారు 1860 ప్రాంతాల్లో కోయల మధ్య పని మొదలుపెట్టారు. తరువాత వచ్చిన మిషనరీ జాన్ కెయిన్ గారి భార్య స్త్రీలకు లేసు పని నేర్పారు. అడవి అంచున ఉన్న చిన్న ఊరి పేరు సముద్రాలు దాటి వినబడినది ఆ లేసు వల్లనే. దొరసానుల బల్లగుడ్డల అంచులకు అది అమ్ముడుపోయేది.

గోదావరి దిగువన నర్సాపురం ప్రాంతంలో ఈ పని ఇంటింటికీ ప్రాకింది. అక్కడిది కండెల పని కాదు, కొక్కెంసూదితో అల్లేది. ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సంతోషించవలసినదే. కాని మరియా మీస్ అనే జర్మను పరిశోధకురాలు ఆ స్త్రీలను గూర్చి 1982లో ప్రచురించిన పుస్తకం చదివితే సంతోషం తగ్గుతుంది. వంటపని, పిల్లల పని ముగించి రోజుకు ఆరు, ఎనిమిది గంటలు అల్లినా వారిని పనివారని ఎవరూ పిలవలేదు. ఇంట్లో ఊరికే కూర్చుని తీరిక వేళ చేసుకునే పని అన్నారు. ఎగుమతి చేసిన వారికి మేడలు లేచాయి. అల్లినవారికి పొలం కూలి కంటే తక్కువ దక్కింది.

వెర్మీర్ పిల్లకు ఆ లేసుకు ఎంత ముట్టిందో పటంలో లేదు. ఆమె నిలకడ ఉంది, వేళ్లున్నాయి, ముఖంమీద వెలుగుంది. అంతకన్నా ఎక్కువ పటం చెప్పలేదేమో. అయినా ఆ పిల్ల పనిని ఒకడు అంత శ్రద్ధగా చూశాడు. తీరిక అనే మాట అతనికి తోచి ఉండదు.

మీ ఇంటి ట్రంకుపెట్టె అడుగున అమ్మమ్మ నాటి లేసు అంచు గల బల్లగుడ్డ ఏదైనా ఉంటే బయటికి తీసి తిరగవేసి చూడండి. దారం అయిపోయి మరో దారం కలిపిన చోట వెనుకవైపు చిన్న ముడి వేలికి తగులుతుంది.