తెలుగు పటం ఆటలలో పోరు పద్ధతులు

నేలపైన గాని బండపైన గాని గీతలు గీసి గవ్వలు, గింజలు, రాళ్లతో ఆడే ఆటలు పటం ఆటలు. వీటిలో పులి-మేక, దాడి, అష్టా చెమ్మా ప్రసిద్ధమైనవి. 2016 అక్టోబరు వరకు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండిన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలతో పాటు తెలుగునేల అంతటా ఇవి పరిచితమైన ఆటలు. మూడింటిలోనూ ఎదుటివారి కాయను చంపడం ఉంది. అయితే కాయను ఎలా చంపాలి, చచ్చిన కాయ ఏమవుతుంది అనే రెండు విషయాలలో ఇవి ఒకదానికొకటి భిన్నమైనవి.

పులి-మేక

ఇందులో ఇరుపక్షాల బలం సమానం కాదు. 23 కూడళ్లున్న పటంపై ఒకరికి 3 పులులు, మరొకరికి 15 మేకలు ఉంటాయి. పటాన్నిబట్టి ఈ సంఖ్యలు మారుతాయి. పులి తన పక్కనున్న మేకమీదుగా సూటిగా అవతలి ఖాళీ కూడలికి దూకి దానిని చంపుతుంది. చచ్చిన మేక తిరిగి రాదు. మేకలకు చంపే శక్తి లేదు. పులులు కదలకుండా దారులన్నీ మూసివేస్తే మేకలు గెలిచినట్లు. నాగర్‌కర్నూలు జిల్లా నల్లమలలో అమ్రాబాదు పులుల అభయారణ్యం ఉంది. అడవి అంచున మేకలు కాచేవారికి ఈ పోరు కేవలం ఊహ కాదు.

దాడి

ఒకదానిలో ఒకటిగా గీసిన మూడు చతురస్రాలపై 24 కూడళ్లు ఉంటాయి. ఇద్దరికీ తొమ్మిదేసి కాయలు. ఒకే గీతపై మూడు కాయలు వరుసగా చేర్చినవారు ఎదుటివారి కాయ నొకదానిని తీసివేస్తారు. చంపే కాయకు, చచ్చే కాయకు మధ్య దూరంతో పనిలేదు. రెండే కాయలు మిగిలినవారు ఓడిపోతారు.

అష్టా చెమ్మా

25 గళ్ల పటంపై నాలుగు గవ్వలు వేసి, పడినన్ని గళ్లు నడుస్తారు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా (4), బోర్లా పడితే అష్టా (8). ఎదుటి కాయ ఉన్న గడిలోకి సరిగా చేరితే అది చస్తుంది. గుర్తువేసిన ఇళ్లలో ఉన్న కాయను చంపరాదు. చచ్చిన కాయ తన ఇంటినుండి మళ్లీ బయలుదేరుతుంది. కనుక ఇక్కడ నష్టం ప్రాణం కాదు, నడిచిన దారి. ఒక్క కాయనైనా చంపనిదే లోపలి గళ్లలోకి పోరాదనే నియమం చాలాచోట్ల ఉంది.

వీడియో ఆటలతో పోలిక

జపానుకు చెందిన ఫైనల్ ఫాంటసీ వరుసలోనూ ఇటువంటి భేదాలు కనిపిస్తాయి. 1987 నాటి మొదటి ఆటలో పటం ఆటలవలె వంతులవారీ పోరు ఉంది. 1991 నాటి నాలుగవ ఆటలో కాలం లెక్క చేరింది. ఆటగాడు జాప్యం చేస్తే శత్రువు దెబ్బ కొట్టవచ్చును. 2023 నాటి పదహారవ ఆటలో వంతులు లేవు. ఈ వరుసలో పడిపోయిన పాత్రను మందుతోనో మంత్రంతోనో లేపే ఏర్పాటు తరచుగా ఉంటుంది. ఈ విషయంలో ఇది పులి-మేక కంటే అష్టా చెమ్మాకు దగ్గర.

నియమాల భద్రత

వీడియో ఆటలో నియమాలు ఆటలోనే ఇమిడి ఉంటాయి. పటం ఆటలలో అలా కాదు. మండపాల బండలపై చెక్కిన గీతలను చూసి కూడళ్లు లెక్కించవచ్చును గాని, చచ్చిన కాయ తిరిగి వస్తుందో రాదో ఆ గీతలు చెప్పవు. అది ఆడేవారు చెప్పవలసిందే. ఊరూరికీ మారే ఈ నియమాలను పెద్దలనుండి సేకరించి వ్రాసి ఉంచకపోతే, పటం మిగిలినా ఆట మిగలదు.