ఫిబ్రవరి 2... ఒక కాకినాడ విద్యార్థి ఇచ్చిన పాటలు

1980 ఫిబ్రవరి 2న విడుదలైన ఆ సినిమాలో పేరున్న హీరో లేడు. ఫైట్లు లేవు. కథానాయకుడు శంకరశాస్త్రి వయసు మళ్లిన సంగీత విద్వాంసుడు. ఆ పాత్ర వేసిన జె.వి.సోమయాజులు డిప్యూటీ కలెక్టరు. వేటూరి పాటల పక్కన భద్రాచల రామదాసు, సదాశివ బ్రహ్మేంద్రులు, మైసూరు వాసుదేవాచార్యుల కీర్తనలు. కొనడానికి పంపిణీదారులు వెనకాడారు. మొదట్లో హాళ్లు పలచగానే ఉన్నాయి. ఆ తరవాత చూసినవాళ్లే చూడనివాళ్లను లాక్కొచ్చారు. ‘శంకరాభరణం’ తమిళనాట తెలుగులోనే ఆడింది.

ఆ సాహసానికి డబ్బు పెట్టిన ఏడిద నాగేశ్వరరావు కోనసీమలోని కొత్తపేటలో పుట్టారు. చదువు కాకినాడ పి.ఆర్. కాలేజీలో. నాటకాల పిచ్చి అక్కడే ముదిరింది. అది ఆ ఊరి గాలిలోనే ఉంది మరి! ఎస్వీ రంగారావు, అంజలీదేవి, సంగీత దర్శకుడు ఆదినారాయణరావు కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లో రాటుదేలినవాళ్లే. సరస్వతీ గాన సభ కచేరీలు సరేసరి. ఒకే ఊళ్లో నాటకం, కచేరీ రెండూ వింటూ పెరిగిన మనిషికి కీర్తనల సినిమా ఆడుతుందన్న నమ్మకం కలగడంలో వింత లేదు.

పాటల వెనక కథ ఇంకా గొప్పది. శంకరశాస్త్రి గొంతుకు మొదట అనుకున్నది మన శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణను. చివరికి ఆ బాధ్యత ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం మీద పడింది. ఆయన శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకున్నవాడు కాదు. సంగీత దర్శకుడు కె.వి.మహదేవన్ సహాయకుడు పుహళేంది బాలును పక్కన కూర్చోబెట్టుకుని గమకం గమకం నేర్పి సాధన చేయించారు. సాహిత్యం చేతికొచ్చాకే బాణీ కట్టడం మహదేవన్ అలవాటు. అందుకే ఆ పాటల్లో మాట ఎక్కడా నలగదు. జాతీయ అవార్డులు వరస కట్టాయి: మహదేవన్‌కు సంగీతానికి, బాలుకు, వాణీ జయరామ్‌కు గానానికి, సినిమాకు జనరంజక చిత్రంగా. బాలు అందుకున్న ఆరు జాతీయ అవార్డుల్లో ఇదే మొదటిది.

సినిమాలో ఒక ఘట్టం ఉంది. రాత్రిపూట కుర్రకారు పాశ్చాత్య పాటలతో వీధి హోరెత్తిస్తుంటారు. శాస్త్రిగారు బయటికొస్తారు. వాళ్ల బాణీని అప్పటికప్పుడు స్వరాల్లో తిరిగి పాడి వినిపిస్తారు. ఆయన పాడింది అందుకోమంటే వాళ్లకు గొంతు పెగలదు. ఆ బాణీని ఆయన శ్రద్ధగా విన్నారు కాబట్టే తిరిగి పాడగలిగారు. పాశ్చాత్య సంగీతం మీద ఈ సినిమా కత్తి కట్టిందనేవాళ్లు ఈ ఘట్టాన్ని మళ్లీ చూడాలి.

ఆ కుర్రకారు మోజుపడ్డ సంగీతానికీ ఇదే తేదీ గుర్తుంది. 1959 ఫిబ్రవరి 2 రాత్రి అమెరికాలో, అయోవా రాష్ట్రంలోని క్లియర్ లేక్ పట్టణంలో రాక్ గాయకుడు బడ్డీ హాలీ తన చివరి కచేరీ చేశాడు. వయసు 22. అదే వేదిక మీద పాడిన రిచీ వాలెన్స్‌కు పదిహేడే. అర్ధరాత్రి దాటాక ఎక్కిన చిన్న విమానం మంచులో కూలి ఇద్దరూ పోయారు, వాళ్లతోపాటు మరో గాయకుడు బిగ్ బాపర్ కూడా. సరిగ్గా ఇరవై ఏళ్లకు, 1979లో అదే తేదీన, పంక్ రాక్ కుర్రాడు సిడ్ విషస్ న్యూయార్క్‌లో కన్నుమూశాడు.

మనకు మాత్రం ఆ తేదీ మరోసారి బరువెక్కింది 2023లో. ‘శంకరాభరణం’ విడుదలై 43 ఏళ్లు నిండిన రోజునే, 92 ఏళ్ల వయసులో దర్శకుడు కె.విశ్వనాథ్ హైదరాబాద్‌లో తుదిశ్వాస విడిచారు. మరి రెండు రోజులకు చెన్నైలో వాణీ జయరామ్ వెళ్లిపోయారు.

శంకరశాస్త్రి మాట రాగానే అందరూ విశ్వనాథ్, మహదేవన్, బాలు అంటారు. అనాల్సిందే. ఏడిద పేరు మాత్రం ఎక్కడో చివర వస్తుంది. పూర్ణోదయా సంస్థ మీద ఆ తరవాత కూడా ఆయన ‘సాగర సంగమం’, ‘స్వాతి ముత్యం’ తీశారు. 2015లో కన్నుమూశారు. ఏటా ఫిబ్రవరి 2న ఆయన చదువుకున్న ఊళ్లో ఈ పాటలతో ఒక కచేరీ పెట్టొచ్చు. కాకినాడలో సభలకు కొదవ లేదు, పాడేవాళ్లకూ లేదు.