టైల్స్ పనికి ఏ గ్రైండర్ కొనివ్వాలి?

టైల్స్ పని నేర్చిన యువకుడికి ఒక మిషన్ కొనిచ్చి అతని కాళ్ల మీద నిలబెట్టాలని మనలో చాలామంది అనుకుంటారు. మంచి ఆలోచనే. కానీ దుకాణానికి వెళ్లి "మంచి గ్రైండర్ ఒకటి ఇవ్వండి" అంటే, వాట్లు ఎక్కువ, ధర తక్కువ ఉన్నదే చేతిలో పెడతారు. అది ఆరు నెలలకే మూలన పడితే పోయేది డబ్బు. దాన్ని పట్టుకున్న పిల్లవాడి ఊపిరితిత్తులు పాడైతే మాత్రం ఏ దాతా బాగుచేయలేడు.

ముందుగా తెలుసుకోవలసింది, టైల్స్ కోసేదంతా గ్రైండర్ పని కాదు. నిలువుగా తిన్నగా కోయడానికి చేత్తో నడిపే టైల్ కట్టర్ చాలు. అది గీత గీసి విరుస్తుంది. కరెంటు అక్కర్లేదు, దుమ్ము దాదాపు లేదు. గ్రానైట్, బండలు, పొడవాటి కోతలకు నీటి పైపు ఉన్న మార్బుల్ కట్టర్ కావాలి. గ్రైండర్ అవసరం దర్వాజా చౌకట్ దగ్గర మూల కోయడానికి, నల్లా పైపుకు గుండ్రంగా తొలచడానికి, అంచును 45 డిగ్రీల ఏటవాలుగా చెక్కడానికి. మామూలు గ్రైండర్ మీద నీళ్లు పోస్తూ కోయకూడదు. నీళ్లు మోటారులోకి వెళ్తే షాక్ కొడుతుంది.

ఇలాంటి పనికి 4 అంగుళాల మిషన్ సరిపోతుంది. చిన్నది కాబట్టి చేతికి అదుపులో ఉంటుంది. 700 నుంచి 850 వాట్ల మధ్య ఉంటే చాలు. అంతకుమించిన వాట్లకు డబ్బు పెట్టే బదులు స్విచ్ చూడండి. ముందుకు జరిపి లాక్ చేసే స్విచ్ ఉంటే, కరెంటు పోయి వచ్చినప్పుడు కింద పెట్టిన మిషన్ తనంతట తానే తిరగడం మొదలుపెడుతుంది. మన దగ్గర కరెంటు సంగతి చెప్పనక్కర్లేదు కదా! వేళ్లు వదలగానే ఆగిపోయే ప్యాడిల్ స్విచ్ ఉన్నది, లేదా కరెంటు వచ్చాక మళ్లీ నొక్కితేనే తిరిగేది అడిగి తీసుకోండి. ధర కొంచెం ఎక్కువైనా సరే.

ఇక గార్డు. నిమిషానికి 11,000 చుట్లు తిరిగే 4 అంగుళాల బ్లేడు అంచు గంటకు 200 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పోతుంది. అది పగిలితే ముక్క ఎటు వస్తుందో చెప్పలేం. కొందరు ఎక్కువ లోతు కోయాలని గార్డు తీసేసి, 4 అంగుళాల మిషన్‌కు 5 అంగుళాల బ్లేడు తగిలిస్తారు. ఇంకొందరు కట్టె కోసే పళ్ల బ్లేడు పెడతారు. అది ఇరుక్కుంటే మిషన్ చేతిలోంచి ఎగిరి మనిషి మీదికే వస్తుంది. బ్లేడు మీద రాసిన గరిష్ఠ వేగం మిషన్ వేగం కంటే ఎక్కువ ఉండాలి. రంధ్రం కొలత కూడా సరిపోవాలి. 4 అంగుళాల గ్రైండర్‌కు సాధారణంగా 16 మిల్లీమీటర్లు, మార్బుల్ కట్టర్‌కు 20. పెద్ద రంధ్రం బ్లేడును రింగు లేకుండా బిగిస్తే ఊగుతుంది. టైల్స్‌కు అంచు అంతా ఒకటిగా ఉన్న డైమండ్ బ్లేడే సరైనది. మధ్యమధ్య గాట్లున్నది కాంక్రీటుకు, బండకు. దానితో టైల్ కోస్తే పెచ్చులు లేస్తాయి.

మిషన్ ఎంతకాలం పనిచేస్తుందన్నది పేరు మీద కంటే రిపేరు మీద ఆధారపడి ఉంటుంది. బాష్, మకిటా, డివాల్ట్ లాంటి పేరున్న కంపెనీలవైనా కార్బన్లు అరుగుతాయి, ఆర్మేచర్ కాలుతుంది. అందుకే కొనేముందు దుకాణదారుని అడగండి: కార్బన్లు ఇక్కడే దొరుకుతాయా? సర్వీస్ సెంటర్ ఆలేరుకు దగ్గర ఎక్కడుంది? భువనగిరిలోనో, వరంగల్‌లోనో, లేక సికింద్రాబాద్ రాణిగంజ్ దాకా వెళ్లాలా? రోజు కూలి పోగొట్టుకుని రైలెక్కడం మేస్త్రికి తేలిక కాదు. బిల్లు మీదా మిషన్ మీదా సీరియల్ నంబరు ఒకటేనా చూసుకోండి. ఒక నిమిషం ఖాళీగా తిప్పించి, బేరింగు గరగరమంటోందేమో వినండి.

అన్నిటికంటే పెద్ద విషయం దుమ్ము. పింగాణీ టైల్, గ్రానైట్, సిమెంటులో సిలికా ఉంటుంది. దానిలో అన్నిటికంటే ప్రమాదకరమైన భాగం కంటికి కనబడదు. ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ వస్తుంది. దానికి పూర్తిగా నయం చేసే మందు లేదు. వంటింటి గట్ల మీద పరిచే కృత్రిమ రాయిలో సిలికా మరీ ఎక్కువ. దాన్ని కోసిన కార్మికులు జబ్బు పడటం వల్లే ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఆ రాయినే నిషేధించింది. ముఖానికి కట్టుకునే దస్తీ ఈ దుమ్మును ఆపలేదు. ఎన్-95 మాస్కు, ముఖానికి గట్టిగా అతుక్కునేటట్టు పెట్టుకుంటేనే పనికొస్తుంది. నీళ్లతో కోయగలిగిన చోట నీళ్లతోనే కోయాలి, గదిలో కాకుండా బయట కోయాలి.

కాబట్టి దాతగా మీ బడ్జెట్ అంతా మిషన్ మీదే పెట్టకండి. చేతి కట్టర్ ఒకటి, గార్డున్న చిన్న గ్రైండర్, నాలుగు మంచి బ్లేడ్లు, కళ్లద్దాలు, చెవులకు ప్లగ్గులు, ఒక పెట్టె మాస్కులు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ బిగించిన ఎక్స్‌టెన్షన్ బోర్డు కలిపి ఇవ్వండి. మాస్కులు అయిపోయినప్పుడు మళ్లీ ఎవరు కొనిస్తారో కూడా అప్పుడే అనుకోండి. అవి అయిపోతే మళ్లీ దస్తీయే కడతారు.