మొదటి గురువు పేరు ఏ కాగితంలో?

రాజధానిలో వార్తలకు ఎన్నడూ కరువు లేదు. అయినా ఈ వారం లేఖ రాజధానికి దూరంగా మొదలవుతుంది. చివరకు వచ్చి నిలిచేది మాత్రం ఇక్కడి ప్రభుత్వ కార్యాలయాల గుమ్మం ముందే.

సొంత పని మీద భిలాయి వెళ్ళవలసి వచ్చింది. సోవియట్ సహకారంతో నిర్మించిన అక్కడి ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేసు 1959లో ప్రారంభమైనది. బ్రతుకుతెరువు వెదుకుకుంటూ మన ఉత్తరాంధ్ర కుటుంబాలు ఎన్నో ఆ ఊరు చేరాయి. పట్టణపు అంచున హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడ ఉన్నది. తెల్లవారుజామున అటు నడకకు వెళితే, లారీలు నిలిచే చోటుకు అవతల ఖాళీ స్థలంలో పదిహేనుమంది పిల్లలు పరుగెత్తుతూ కనిపించారు. నేల మీద సున్నపు గీతలు, వెదురు బద్దలతో కట్టిన హర్డిల్స్, పక్కన మెడలో స్టాప్‌వాచ్‌తో ఒక పెద్దాయన. మనవారే. ఒక కళాశాలలో ఇరవై ఏళ్ళకు పైగా అథ్లెటిక్స్ శిక్షకులుగా పనిచేసి విరమించారు. పేరు వ్రాయవద్దన్నారు.

నేను ఢిల్లీ విలేకరినని తెలిసిన మీదట ఆయన అడిగినది ఒక్కటే ప్రశ్న. "అయ్యా, ఈ పిల్లల్లో ఒకరిని రేపు పెద్ద శిక్షణ కేంద్రం వారు తీసుకుపోతారు. తీసుకుపోవాలనే నా కోరిక కూడా. ఆ తరువాత పతకం వస్తే, నా పేరు ఢిల్లీలో ఏ కాగితంలోనైనా ఉంటుందా?" ఆ గొంతులో ఫిర్యాదు లేదు. తెలుసుకోవాలన్న కుతూహలమే ఉన్నది. నేను మాత్రం వెంటనే సమాధానం చెప్పలేకపోయాను.

తిరుగు ప్రయాణంలో ఓ. ఎం. నంబియార్ గారు జ్ఞప్తికి వచ్చారు. కేరళకు చెందిన ఆయన వైమానిక దళంలో పనిచేసి, పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో శిక్షకత్వం అభ్యసించి, స్వరాష్ట్రంలో క్రీడామండలి శిక్షకులయ్యారు. 1976 ప్రాంతంలో ఒక బక్కపలుచని బాలిక చురుకైన నడక ఆయన కంటబడింది. ఆ బాలికే పి. టి. ఉష. కన్నూరు క్రీడా వసతి పాఠశాలలో ఆరంభమైన ఆ శిక్షణ ఏళ్ళ తరబడి సాగింది.

1984 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో మహిళల 400 మీటర్ల హర్డిల్స్‌ను తొలిసారిగా చేర్చారు. పొట్టి పరుగులలో పేరు గడించిన ఉషను ఆ పోటీ వైపు నడిపించినవారు నంబియార్. తుది పోటీలో రుమేనియాకు చెందిన కోజోకారు 55.41 సెకన్లలో గీత దాటితే, ఉష 55.42 సెకన్లలో దాటింది. సెకనులో నూరవ వంతు తేడాతో కాంస్యం చేజారినది. మరుసటి యేడు జకార్తాలో జరిగిన ఆసియా ఛాంపియన్‌షిప్‌లో ఆమె ఐదు స్వర్ణాలు, ఒక కాంస్యం సాధించింది.

ఆ 1985లోనే కేంద్రప్రభుత్వం శిక్షకుల కోసం ద్రోణాచార్య పురస్కారాన్ని నెలకొల్పింది. తొలి గ్రహీతలలో నంబియార్ ఒకరు. అదే యేడు శిష్యురాలికి పద్మశ్రీ లభించింది. గురువుకు పద్మశ్రీ ప్రకటించినది 2021లో. మధ్య గడిచినవి 36 సంవత్సరాలు! ప్రకటన జనవరిలో వెలువడింది. ఆగస్టులో ఆయన కన్నుమూశారు. రాష్ట్రపతి భవనంలో ఆ యేటి పురస్కారాల ప్రదానం జరిగినది నవంబరులో. మరుసటి యేడు, అంటే 2022లో, శిష్యురాలు రాజ్యసభకు నామినేట్ అయ్యారు. భారత ఒలింపిక్ సంఘానికి అధ్యక్షురాలిగా ఎన్నికయ్యారు. అది చూడడానికి గురువు లేరు.

ఇందులో పాఠకులు గమనించవలసిన విషయం ఒకటున్నది. శిక్షకులలో నంబియార్ అదృష్టవంతులే. ప్రతిభను గుర్తించినదీ ఆయనే, ఒలింపిక్స్ దాకా తీర్చిదిద్దినదీ ఆయనే. గురువు ఎవరన్న సందేహానికి అక్కడ తావే లేదు. అట్టివారి విషయంలోనే ఇంత జాప్యం జరిగితే, తొలి అడుగులు నేర్పి మరొకరి చేతికి అప్పగించేవారి మాట ఏమిటి? మన విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో 100 మీటర్ల హర్డిల్స్ రజతం గెలుచుకున్నది. ఆమెను మొదట ఆ బాట పట్టించినది పాఠశాలలోని వ్యాయామోపాధ్యాయుడు. జ్యోతి పేరు నేడు తెలుగునాట అందరికీ తెలుసు. ఆ ఉపాధ్యాయుని పేరు ఎందరికి తెలుసు?

అధికారుల వాదన కూడా త్రోసిపుచ్చదగినది కాదు. పతకం వచ్చిన మరునాడు 'నేనే మొదట నేర్పాను' అంటూ పదిమంది బయలుదేరుతారని వారు అంటారు. నిజమే. చివరి దశలో సెకనులో నూరవ వంతును తగ్గించే శిక్షకుని కృషి కూడా తక్కువది కాదు. అయితే పతకం వచ్చిన తరువాత విచారించడం వల్లనే ఈ చిక్కు పుడుతున్నది. పిల్లవాడు జిల్లా పోటీలలో మొదటిసారి పేరు నమోదు చేసుకున్న రోజుననే, ఆ పత్రంలో శిక్షకుని పేరు కూడా వ్రాయించి భద్రపరిస్తే వివాదానికి ఆస్కారమెక్కడ? ఇందుకు కొత్త శాఖ అక్కరలేదు. కొత్త పద్దు అక్కరలేదు. కాగితంలో ఒక్క గడి చాలు.

పురస్కారానికి ద్రోణుని పేరు పెట్టుకున్నాం. ఆయన ఏకలవ్యునికి విద్య నేర్పకుండానే బొటనవ్రేలు గురుదక్షిణగా పుచ్చుకున్నాడు. హథ్‌ఖోజ్ మైదానంలోని ఆ పెద్దాయన విద్య నేర్పుతున్నారు. దక్షిణ అడగడం లేదు. తన పేరు ఒక చోట వ్రాసి ఉంటుందా అని మాత్రమే అడిగారు. ఆ ప్రశ్నను యథాతథంగా క్రీడా మంత్రిత్వశాఖ ముందు ఉంచుతున్నాను. సమాధానం వస్తే, ఈ లేఖ ద్వారానే ఆయనకు అందజేస్తాను.