బ్రెడ్ మెషీన్ మొరాయిస్తోందా? మెకానిక్‌ని పిలిచే ముందు కప్పు నీళ్లతో ఈ టెస్ట్ చేయండి!

పిండి వేశారు.. నీళ్లు పోశారు.. ఈస్ట్, ఉప్పు, పంచదార అన్నీ కొలిచి వేసి బటన్ నొక్కారు. మూడు గంటలు ఆగి మూత తీస్తే లోపల మెత్తటి బ్రెడ్ బదులు ఇటుక రాయిలాంటి ముద్ద! కొందరికి బ్రెడ్ బాగానే పొంగి, చివర్లో నడిమధ్యన గుంత పడిపోతుంది. మరికొందరి ఇంట్లో మెషీన్ సౌండ్ చేస్తుంది కానీ పిండి మాత్రం కలవదు. అప్పుడు అందరి నోటా వచ్చే మాట ఒకటే.. "మెషీన్ పాడైపోయింది".

కాస్త ఆగండి. చాలాసార్లు పాడైంది మెషీన్ కాదు. పాతబడిన ఈస్ట్, తప్పిన నీళ్ల కొలత, మండే ఎండ, మధ్యలో పోయిన కరెంట్.. వీటిలో ఏదైనా బ్రెడ్‌ని చెడగొట్టగలదు. కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే. తప్పు మెషీన్‌దా? పిండిదా? కరెంట్‌దా? ఇది తెలియకుండా రిపేర్ షాపుకి వెళ్తే డబ్బు దండగ. నిజంగానే లోపల షార్ట్ అయిన మెషీన్‌కి పదే పదే ప్లగ్ పెడితే ప్రాణానికే ముప్పు.

మెషీన్ లోపల అసలేం జరుగుతుంది?

బ్రెడ్ మెషీన్ అంటే ఓ చిన్న ఓవెన్, అందులో పిండి కలిపే ఓ మోటార్. అంతే. కింద మోటార్ తిరిగితే ఓ బెల్టు ద్వారా పాన్ అడుగున ఉన్న షాఫ్ట్ తిరుగుతుంది. దానికి తగిలించిన చిన్న ప్యాడిల్ పిండిని పిసుకుతుంది. పాన్ చుట్టూ హీటర్ కాయిల్ ఉంటుంది. వేడి ఎంత ఉందో సెన్సార్ చెబుతుంది. ఎప్పుడు కలపాలి, ఎంతసేపు పొంగనివ్వాలి, ఎప్పుడు కాల్చాలి అన్నది సర్క్యూట్ బోర్డు చూసుకుంటుంది.

ఈ మెషీన్ దీన్ని కనిపెట్టినవాళ్లకే చుక్కలు చూపించింది. 1985లో జపాన్‌లోని ఒసాకాలో మత్సుషితా కంపెనీ, అంటే ఇప్పటి పానాసోనిక్, ఇంట్లో వాడే బ్రెడ్ మెషీన్ కోసం ప్రయత్నాలు చేస్తోంది. ఎన్నిసార్లు చేసినా బ్రెడ్ పైన మాడిపోయేది, లోపల పచ్చిగానే ఉండేది. చివరికి ఆ కంపెనీ ఉద్యోగి ఇకుకో తనాకా, ఊళ్లో బ్రెడ్‌కి పేరున్న ఓ హోటల్ బేకర్ దగ్గర పని నేర్చుకున్నారు. ఆయన పిండిని ఊరికే తిప్పడం లేదని, సాగదీస్తూ మెలితిప్పుతున్నారని గమనించారు. ఆ కదలికే మెషీన్‌లోనూ రావడానికి పాన్ లోపలి గోడకి గట్లు పెట్టారు. అంటే అసలు కిటుకు హీటర్‌లో లేదు, పిండి కలవడంలో ఉంది. మీ ఇంట్లో మెషీన్‌కీ ఇదే వర్తిస్తుంది.

కప్పు నీళ్లతో పది నిమిషాల టెస్ట్

పిండి వృథా చేయకుండా మెషీన్ పనితీరు తెలుసుకునే పద్ధతి ఇది.

1. పాన్‌లో ప్యాడిల్ తగిలించి, ఓ కప్పు నీళ్లు పోయండి. పాన్‌ని ఓ పొడి గుడ్డ మీద ఐదు నిమిషాలు ఉంచండి. గుడ్డ తడిస్తే పాన్ అడుగున సీల్ అరిగిపోయినట్టే. అలాంటి పాన్‌ని మెషీన్‌లో పెట్టొద్దు.

2. గుడ్డ పొడిగా ఉంటే పాన్‌ని మెషీన్‌లో బిగించి, పిండి మాత్రమే కలిపే 'డో' ప్రోగ్రామ్ పెట్టండి. ప్యాడిల్ తిరిగితే మోటార్, బెల్టు బాగున్నట్టు. కొన్ని మోడళ్లు కలపడం మొదలుపెట్టే ముందు అరగంటకు పైగా కదలకుండా ఉంటాయి. అది రిపేర్ కాదు, వాటి పద్ధతే అంత.

3. ఆపేసి, నీళ్లు పారబోసి, పాన్ తుడిచి మళ్లీ పెట్టండి. 'బేక్' ప్రోగ్రామ్ ఐదు నిమిషాలు నడపండి. మూత తీసి కాస్త దూరంగా చెయ్యి పెడితే వేడి తగలాలి. లోపలి భాగాలను మాత్రం ముట్టుకోవద్దు.

ఈ మూడూ పాసైతే మీ మెషీన్ భేషుగ్గా ఉన్నట్టే. ఇక చూడాల్సింది పిండి, ఈస్ట్, కొలతలు.

అసలు ఆన్ అవ్వకపోతే?

ముందు అదే ప్లగ్ పాయింట్‌లో వేరే వస్తువు పెట్టి చూడండి. అది పనిచేస్తే మెషీన్ అడుగున ఉన్న లేబుల్ చదవండి. అమెరికా నుంచి అన్నయ్యో, కూతురో తెచ్చిన మెషీనైతే ఇది మరీ ముఖ్యం. అక్కడ కరెంట్ 120 వోల్టులు, మన దగ్గర 230. లేబుల్ మీద 120 వోల్టులు అని మాత్రమే ఉంటే, ప్లగ్ ఆకారం మార్చే చిన్న అడాప్టర్‌తో నేరుగా పెట్టకూడదు. పెడితే లోపల బోర్డు కాలిపోవచ్చు, మంటలు కూడా రావచ్చు. దానికి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. మెషీన్ 600 వాట్లదైతే ట్రాన్స్‌ఫార్మర్ 1000 వాట్లది ఉంటే మంచిది.

ఆన్ అయి, స్క్రీన్ మీద ఇంగ్లిష్ 'హెచ్' అక్షరాలు వరుసగా కనిపిస్తే కంగారుపడొద్దు. చాలా మోడళ్లలో దాని అర్థం లోపల ఇంకా వేడిగా ఉందని. ఒక బ్రెడ్ అవ్వగానే వెంటనే రెండోది పెడితే ఇలా వస్తుంది. మూత తెరిచి 20 నిమిషాలు చల్లారనివ్వండి. 'ఈ' అక్షరంతో వచ్చే కోడ్‌లు సాధారణంగా సెన్సార్‌కి సంబంధించినవి. ఒక్కో కంపెనీకి ఒక్కో అర్థం ఉంటుంది కాబట్టి మాన్యువల్ చూడాల్సిందే.

సౌండ్ వస్తోంది.. పిండి కలవట్లేదు!

ముందుగా ప్యాడిల్ షాఫ్ట్ మీద సరిగ్గా కూర్చుందో లేదో చూడండి. పాన్ అడుగుకంటా దిగి, లాక్ పడిందో లేదో చూసుకోండి. ప్లగ్ తీసేసి, ఖాళీ పాన్ అడుగున ఉన్న షాఫ్ట్‌ని చేత్తో తిప్పండి. తేలిగ్గా తిరగాలి. పట్టేసినట్టు ఉంటే లోపల పిండి గట్టిపడింది, లేదా బేరింగ్ అరిగింది. పాన్ మారిస్తే సరిపోతుంది. షాఫ్ట్ బాగానే ఉండి, మోటార్ సౌండ్ వస్తూ ప్యాడిల్ తిరగకపోతే బెల్టు జారినట్టో, తెగినట్టో అనుకోవచ్చు. దీనికి మెషీన్ మొత్తం పారేయక్కర్లేదు, టెక్నీషియన్ కొత్త బెల్టు వేస్తాడు.

బ్రెడ్ పొంగలేదా? ముందు ఈస్ట్‌ని అనుమానించండి

అర కప్పు గోరువెచ్చని నీళ్లలో చెంచా పంచదార, చెంచా ఈస్ట్ కలిపి 10 నిమిషాలు ఉంచండి. పైన నురగ కడితే ఈస్ట్ బతికే ఉంది. నీళ్లు అలాగే ఉంటే ఆ ప్యాకెట్ చెత్తబుట్టకే. నీళ్లు 40 డిగ్రీలు దాటకుండా చూసుకోండి. మరీ వేడినీళ్లు పోస్తే మంచి ఈస్ట్ కూడా చచ్చిపోతుంది. తెరిచిన ప్యాకెట్‌ని గాలి చొరబడని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి.

వేసే వరుస కూడా ముఖ్యమే. చాలా మెషీన్లలో ముందు నీళ్లు, నూనె, ఉప్పు, ఆ తర్వాత పిండి, చివర్లో పిండి మధ్య చిన్న గుంత చేసి ఈస్ట్ వేయాలి. కొన్నింటిలో ఈస్టే ముందు వేయమంటారు. మీ మాన్యువల్ ఎలా చెబితే అలా చేయండి. ఎలా వేసినా ఉప్పు, ఈస్ట్ మొదట్లోనే ఒకదానికొకటి తగలకుండా చూసుకోండి.

గోధుమపిండితో ఎందుకు గట్టిగా వస్తోంది?

మెషీన్‌తో వచ్చే పుస్తకంలోని కొలతలు ఎక్కువగా 'బ్రెడ్ ఫ్లోర్' కోసం రాసినవి. మన చపాతీ పిండి వేరు. మరలో మెత్తగా ఆడించిన గోధుమపిండి నీళ్లు ఎక్కువ పీల్చుకుంటుంది. 500 గ్రాముల మైదాకి 300 నుంచి 325 మిల్లీలీటర్ల నీళ్లు సరిపోతే, అంతే గోధుమపిండికి 350 లేదా ఇంకా ఎక్కువే పట్టొచ్చు. కొత్తవాళ్లు సగం మైదా, సగం గోధుమపిండితో మొదలుపెట్టడం మేలు. ఇక బియ్యప్పిండి, జొన్నపిండి, రాగిపిండిలో గ్లూటెన్ ఉండదు. వాటిని మామూలు ప్రోగ్రామ్‌లో వేస్తే పొంగవు.

కప్పులతో కొలవడం కూడా కొంప ముంచుతుంది. అదే కప్పులో పిండిని వదులుగా పోస్తే 120 గ్రాములు, నొక్కి నింపితే 150 గ్రాములు దాటొచ్చు. మూడు నాలుగు కప్పులయ్యేసరికి తేడా వంద గ్రాములకు చేరుతుంది. చిన్న డిజిటల్ కాటా ఒకటి ఉంటే ఈ గొడవే ఉండదు.

కలపడం మొదలైన పది నిమిషాలకు మూత తీసి చూడండి. అప్పుడు తీస్తే ఏమీ కాదు. పిండి నున్నటి బంతిలా ఉండి, వేలికి కాస్త అంటుకుని ఊడిరావాలి. అడుగున జావలా ఉంటే ఓ చెంచా పిండి వేయండి. ముక్కలు ముక్కలుగా ఉండి మెషీన్ టకటకలాడుతుంటే ఓ చెంచా నీళ్లు పోయండి. కాల్చడం మొదలయ్యాక మాత్రం మూత తీయొద్దు.

ఎండాకాలంలోనే గుంత ఎందుకు పడుతుంది?

ఇక్కడ చలికాలంలో బాగా వచ్చిన బ్రెడ్, మే నెలలో కూలిపోవడం మామూలే. గది వేడికి ఈస్ట్ రెచ్చిపోతుంది. కాల్చే టైం రాకముందే పిండి పొంగాల్సినంతా పొంగి, ఆ తర్వాత నిలబడలేక కూలుతుంది. దీనికి మందు సులువు. ఫ్రిజ్ నీళ్లు వాడండి, ఈస్ట్‌ని పావు వంతు తగ్గించండి. మెషీన్‌ని స్టవ్ పక్కన పెట్టొద్దు. రాత్రి టైమర్ పెట్టి పొద్దున్నకి బ్రెడ్ కావాలనుకుంటే పాలు, గుడ్లు వేయకండి. ఆ ఉక్కకి పాడవుతాయి.

మధ్యలో కరెంట్ పోతే?

చాలా మెషీన్లు కొన్ని నిమిషాల పాటు ఎక్కడ ఆగాయో గుర్తుపెట్టుకుంటాయి. అంతకు మించితే ప్రోగ్రామ్ మొదటికొస్తుంది. కలుపుతుండగా పోతే మళ్లీ మొదటి నుంచి పెట్టండి. పొంగే దశలో పోతే మూత తీయకుండా అలాగే వదిలేసి, పిండి రెండింతలయ్యాక 'బేక్' ఒక్కటే పెట్టండి. ఒకే సమయంలో కరెంట్ పోయే ఊళ్లో ఉంటే ఆ వేళ తప్పించి పెట్టుకోవడం ఉత్తమం.

ఈ పనులు మాత్రం అస్సలు చేయొద్దు

బ్రెడ్‌లో ఇరుక్కున్న ప్యాడిల్‌ని, పాన్‌కి అంటుకున్న పిండిని కత్తితో పొడవొద్దు. నాన్‌స్టిక్ పూత లేచిపోతుంది. వేడినీళ్లు పోసి నానబెట్టండి, అదే వదులుతుంది. పాన్‌ని నీళ్లలో ముంచి ఉంచకండి, అడుగున బేరింగ్ పాడవుతుంది. మాడు వాసన వస్తే ప్లగ్ తీసి, పూర్తిగా చల్లారాక హీటర్ మీద పడిన పిండి, కిస్‌మిస్ ముక్కలు తుడవండి. తుడిచాక కూడా ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చినా, ముట్టుకుంటే షాక్ కొట్టినా, ఎంసీబీ పడిపోయినా ఇక ఆన్ చేయొద్దు. మెషీన్‌ని మీరే విప్పొద్దు.

ఇక టెక్నీషియన్ దగ్గరికే వెళ్లాల్సి వస్తే "పనిచేయట్లేదు" అని ఒక్క మాట చెప్పి ఊరుకోకండి. నీళ్ల టెస్ట్‌లో ఏం చూశారో చెప్పండి. "మోటార్ సౌండ్ వస్తోంది, ప్యాడిల్ తిరగట్లేదు" అంటే బెల్టు వైపు చూస్తాడు. "పిండి కలిసింది, పొంగింది, కాలలేదు" అంటే హీటర్ లేదా థర్మల్ ఫ్యూజ్ వైపు చూస్తాడు. అప్పుడు చిన్న పార్ట్‌తో పోయే రిపేర్‌కి బోర్డు మొత్తం మార్చాలని ఎవరైనా చెబితే, ఎందుకని అడిగే అవకాశం మీ చేతిలో ఉంటుంది.