కాలువ తవ్విన చేతులు



ఆదికాండము 26వ అధ్యాయంలో ఇస్సాకు బావుల సంగతి మీకు బాగా తెలుసు. తండ్రి నాటి బావులను శత్రువులు పూడ్చివేస్తే ఇస్సాకు వాటిని మళ్ళీ బాగుచేయించాడు. కొత్త బావి తవ్విస్తే ఆ నీటి కోసం జగడం వచ్చింది. ఇంకొకటి తవ్విస్తే దానికీ జగడమే. మూడవ బావి దగ్గర గాని ఆయనకు నెమ్మది దొరకలేదు. మనుష్యులు ఒక నేల మీదికి వచ్చి స్థిరపడినప్పుడల్లా ఇలాంటి తగవు కనబడుతుంది. కనుక ఏ ఊరి చరిత్ర చదివినా మూడు ప్రశ్నలు అడగడం మంచిది. ఆ నేల, ఆ నీళ్ళు మొదట ఎవరివి? ఆ కాలువ ఎవరు తవ్వారు? ఈనాడు ఆ నీళ్ళు ఎవరికి అందుతున్నాయి?

ఈ మూడు ప్రశ్నలతో మనం ఈసారి అమెరికా దేశంలోని టెక్సాస్ రాష్ట్రానికి వెళ్దాం. మన కుటుంబాల పిల్లలు ఎందరో ఉద్యోగాల కోసం వెళ్ళిన రాష్ట్రమది. డల్లాస్, హ్యూస్టన్ అనే పేర్లు మన ఇళ్ళలో తరచు వినబడతాయి. అదే రాష్ట్రంలో సాన్ ఆంటోనియో అనే నగరం ఉంది. 300 సంవత్సరాల క్రితం అది స్పెయిన్ సామ్రాజ్యానికి ఉత్తరపు సరిహద్దులో ఒక చిన్న మజిలీ.

ఆ రోజుల్లో మెక్సికో స్పెయిన్ రాజు ఏలుబడిలో ఉండేది. తూర్పున లూసియానాలో ఫ్రాన్స్ వారు కాలు మోపారు. వాళ్ళు టెక్సాస్ మీదికి వస్తారేమోనని స్పెయిన్ అధికారులకు భయం పట్టుకుంది. నేలను నిలుపుకోవాలంటే అక్కడ మనుష్యులు కాపురముండాలి. అంత దూరం, అంత అపాయకరమైన చోటికి స్పెయిన్ వారు ఎవరు వస్తారు? అందుకే రాజ్యం ఒక ఉపాయం చేసింది. అక్కడున్న మూలవాసులనే క్రైస్తవులుగా, స్పానిష్ భాష మాట్లాడే రైతులుగా, రాజుకు విధేయులైన ప్రజలుగా మార్చాలని తలచింది. ఆ పనికి పెట్టిన సంస్థ పేరే మిషను. మిషనుకు తోడుగా సైనికుల కోట. దాన్ని ప్రెసిడియో అంటారు. ఆ రెండింటి దగ్గర ఒక పౌరుల పట్టణం. మిషను, కోట, పట్టణం - స్పెయిన్ వారు సరిహద్దులో ఊరు కట్టే పద్ధతి ఇదే.

1718 మే నెల 1వ తేదీన ఆంటోనియో దే ఒలివారెస్ అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి నది ఒడ్డున సాన్ ఆంటోనియో దే వలేరో మిషనును స్థాపించాడు. 5వ తేదీన గవర్నరు మార్టిన్ దే అలార్కోన్ ప్రెసిడియోను స్థాపించాడు. ప్రియులారా, ఈ తేదీలు గమనించండి. సిలువకూ తుపాకికీ మధ్య ఎడం నాలుగు రోజులే. 1720లో సాన్ హోసే మిషను వచ్చింది. 1731లో తూర్పు టెక్సాస్ నుండి మరి మూడు మిషనులను అక్కడికి మార్చారు. అవి కన్సెప్సియోన్, సాన్ హువాన్, ఎస్పాడా. అదే ఏట కానరీ దీవుల నుండి సుమారు 55 మంది, సముద్రం దాటి, మెక్సికో గుండా నెలల తరబడి ప్రయాణం చేసి వచ్చి పట్టణం కట్టుకున్నారు. టెక్సాస్‌లో మొదటి పట్టణ పరిపాలక సభ వారిదే.

ఇప్పుడు మొదటి ప్రశ్న. ఆ నేల, ఆ నీళ్ళు ఎవరివి? అక్కడ అనేక చిన్న చిన్న తెగలవారు తరతరాలుగా జీవించేవారు. చరిత్రకారులు వారందరినీ కలిపి క్వావీల్టెకన్ ప్రజలు అంటారు. వేటాడేవారు, చేపలు పట్టేవారు, నాగజెముడు పండ్లు, అడవి కాయలు ఏరుకునేవారు. ఋతువును బట్టి చోటు మార్చేవారు. ఉత్తరం నుండి అపాచీల దాడులు, దక్షిణం నుండి స్పెయిన్ వారి రాక, అన్నిటికన్నా ఘోరంగా కొత్త రోగాలు వారిని నలిపివేశాయి. అందుచేత చాలామంది ఆహారం కోసం, రక్షణ కోసం మిషనుల గోడల లోపలికి వచ్చారు.

లోపల వారికి తిండి దొరికింది. వడ్రంగం, తాపీపని, నేతపని, పశువుల పెంపకం నేర్చుకున్నారు. అయితే గంట కొడితే లేవాలి, గంట కొడితే ప్రార్థనకు రావాలి, గంట కొడితే పొలానికి వెళ్ళాలి. పారిపోయినవారిని సైనికులతో వెనక్కి తెప్పించిన సందర్భాలున్నాయి. 1739లో మశూచి, తట్టు రోగాలు వచ్చి మిషనులలో ఎంతోమందిని బలితీసుకున్నాయి. ఒకే గోడ లోపల కిక్కిరిసి ఉండడమే వారికి ప్రాణాంతకమైంది. ఆ తెగల భాషలు క్రమంగా మాట్లాడేవారు లేక అణగిపోయాయి.

సన్యాసులలో ప్రేమగలవారు లేరని నేను అనడం లేదు. మూలవాసులతో క్రూరంగా ప్రవర్తించిన సైనికుల మీద, అధికారుల మీద ఫిర్యాదులు వ్రాసినవారు ఉన్నారు. కానీ ఏర్పాటు రాజుది. ఆత్మల రక్షణ, రాజ్య విస్తరణ ఒకే బండికి కట్టిన రెండు ఎద్దులయ్యాయి. బండి ఎటు పోవాలో రాజ్యమే చెప్పింది. చట్టం ప్రకారం ఒక మిషను సుమారు పదేళ్ళలో పని ముగించి సాధారణ సంఘంగా మారాలి. వలేరో మిషను 75 సంవత్సరాలు, అంటే 1793 దాకా అలాగే నడిచింది.

రెండవ ప్రశ్న. కాలువ ఎవరు తవ్వారు? ఆ ప్రాంతంలో వానను నమ్ముకుని పంట వేయలేము. అందుచేత నదికి అడ్డంగా ఆనకట్టలు కట్టి, నేల వాలును చూసుకుంటూ కాలువలు తీశారు. వాటిని అసేకియాలు అంటారు. ఆ మాట అరబ్బీ భాష నుండి స్పెయిన్‌కు, స్పెయిన్ నుండి టెక్సాస్‌కు వచ్చింది. మొత్తం ఏడు కాలువలు, దాదాపు 24 కిలోమీటర్లు, సుమారు 3,500 ఎకరాలకు నీరు. ఎస్పాడా మిషను కాలువకు ఒక వాగు అడ్డం వచ్చింది. వాగు మీద రాతి కమానులు కట్టి, వాటి మీదుగా కాలువను దాటించారు. 1745 నాటికి పూర్తయిన ఆ కట్టడం మీదుగా నేటికీ నీళ్ళు పారుతున్నాయి. చూపించి చేయించినవారు సన్యాసులు. మట్టి తవ్వినవి, రాయి మోసినవి మాత్రం మూలవాసుల చేతులు.

కాలువ క్రింద పొలాన్ని సుయెర్టె అనేవారు. స్పానిష్ భాషలో ఆ మాటకు అదృష్టం, చీటి అని అర్థం. పొలాలను చీట్లు వేసి పంచేవారు గనుక ఆ పేరు వచ్చింది. యెహోషువ కాలంలో కనాను దేశాన్ని చీట్లు వేసి పంచిన సంగతి మీకు జ్ఞాపకం వస్తుంది కదా! నీటికి కూడా వంతులుండేవి. అయినా తగవులు తప్పలేదు. నీటి కోసం, పశువులు పొలాల్లో పడినందుకు, కానరీ దీవులవారికీ మిషనులకూ ఏళ్ళ తరబడి వివాదాలు నడిచాయి. ఇస్సాకు బావుల దగ్గర జరిగిందే మళ్ళీ జరిగింది.

మూడవ ప్రశ్న. ఈనాడు అక్కడ ఏమి మిగిలింది? వలేరో మిషను మూతబడ్డాక సైనికుల బస అయ్యింది. వారి పటాలం పేరును బట్టి దానికి అలామో అనే పేరు వచ్చింది. 1836 యుద్ధంతో ఆ పేరు లోకమంతటా తెలిసింది. తక్కిన నాలుగు మిషనులలో నేటికీ సంఘాలు కూడుకుంటున్నాయి. క్రిస్మస్ కాలంలో మరియ, యోసేపు బస వెదికిన సంగతిని ఊరేగింపుగా చేసే ఆచారం ఉంది. మిషను పశువులను కాచిన మూలవాసి కాపరులే టెక్సాస్ కౌబాయ్‌లకు ముందటి తరం. రాంచ్, రోడియో అనే మాటలు స్పానిష్ నుండి వచ్చినవే. చట్టంలోనూ ఆ ముద్ర ఉంది. 1840లో టెక్సాస్ ఇంగ్లీషు న్యాయపద్ధతిని తీసుకున్నా, కాపురంలో సంపాదించినది భార్యాభర్తలిద్దరిదీ అనే స్పెయిన్ సూత్రాన్ని మాత్రం విడిచిపెట్టలేదు.

2015 జూలైలో యునెస్కో ఈ ఐదు మిషనులను ప్రపంచ వారసత్వ స్థలాలలో చేర్చింది. అదే నెలలో బొలీవియా దేశంలో అప్పటి పోప్ ఫ్రాన్సిస్, అమెరికా ఖండాల ఆక్రమణ కాలంలో మూలవాసుల పట్ల జరిగిన పాపాల నిమిత్తం క్షమాపణ అడిగారు. ఒక వైపు గౌరవం, ఒక వైపు పశ్చాత్తాపం. రెండూ నిజమే. ఒకటి చెప్పి ఇంకొకటి దాచితే అది సాక్ష్యం కాదు. ఆ తెగల సంతతివారమని చెప్పుకునే కుటుంబాలు సాన్ ఆంటోనియోలో ఉన్నాయి. తమ పితరుల పేర్లు మిషను రిజిస్టర్లలో వెదుక్కుంటున్నాయి. బాప్తిస్మం ఇచ్చిన తేదీ, పాతిపెట్టిన తేదీ - కొందరి జీవితం గురించి మిగిలిన వ్రాత ఆ రెండు వరుసలే.

ప్రియమైన చదువరీ, నీవు కూర్చునే మందిరం ఎవరి చేతులతో కట్టబడిందో నీకు తెలుసా? పునాది రాయి మీద పేర్లు కొద్దిమందివే ఉంటాయి. తట్ట మోసిన వారి పేర్లు అక్కడ ఉండవు. మీ సంఘంలో వృద్ధులు బ్రతికి ఉండగానే అడిగి వ్రాసిపెట్టుకోండి. ఎవరికైనా అన్యాయం జరిగి ఉంటే అది కూడా వ్రాయండి. సువార్తను అధికారం చేతికిచ్చి మోయించాలని మనకు ఎప్పుడైనా ఆశ పుడితే, ఆ నాలుగు రోజుల ఎడాన్ని జ్ఞాపకం చేసుకోండి.

సాన్ హువాన్ మిషను దగ్గర పాత కాలువ నీటితో మళ్ళీ పొలాలు తడుస్తున్నాయి. ఆ నగరంలో ఆకలిగొన్నవారికి ఆహారం పంచే ఒక సేవాసంస్థ అక్కడ కూరగాయలు పండించే పని చేపట్టింది. రాజు పోయాడు, కోట పోయింది. పేరు లేని చేతులు తవ్విన కాలువ మాత్రం ఆకలిగొన్నవారి కోసం పారుతున్నది. ఆ చేతులను దేవుడు మరచిపోలేదు. మనమూ మరచిపోకుండునట్లు ప్రభువు మనకు సహాయం చేయును గాక. ఆమేన్.