నేల ఆరినదని నమ్ముటెట్లు?

కొన్ని సంవత్సరముల క్రిందట, ఈ తోటల ప్రాంతమున ఒక సంఘమువారు తమ సభాభవనమునకు కాంక్రీటు నేల వేయించి, ఆరు వారములకే దానిపై వినైల్ పలకలు అతికించిరి. నేల తెల్లగా, పొడిగా కనబడినది. ప్రారంభోత్సవ దినము దగ్గరపడినది. సంవత్సరము తిరుగకమునుపే పలకల అంచులు లేచి, అతుకులనుండి జిగురు ఊరసాగినది. చందాదారులు మేస్త్రిని నిందించిరి. మేస్త్రి జిగురును నిందించెను. నిజమైన కారణము నేలలోపల మిగిలియున్న నీరు.

కాంక్రీటులో కలిపిన నీరంతయు సిమెంటుతో కలిసిపోదు. మిగిలినది సన్నని రంధ్రములలో నిలిచి, మెల్లగా పైకి వచ్చి ఆవిరి కావలెను. అంగుళము మందమునకు ఒక నెల అని పనివారి పాత లెక్క. ఆ లెక్కన నాలుగంగుళముల నేలకు నాలుగు నెలలు పట్టును. ఏడాది పొడవున గాలిలో తేమయుండు ఈ మలేసియా దేశమున అంతకంటె ఎక్కువయే పట్టవచ్చును. నేలక్రింద పాలిథీన్ పరువనిచో మట్టిలోని చెమ్మయు పైకి వచ్చుచుండును. పైన వినైల్ కప్పిన పిమ్మట తేమకు దారి లేదు. అది క్షారమును వెంటబెట్టుకొని వచ్చి జిగురును చెరచును, చెక్కయైనచో ఉబ్బించును.

పరీక్షలలో సులభమైనది ప్లాస్టిక్ పరీక్ష. పదునెనిమిదంగుళముల చదరపు ప్లాస్టిక్ ముక్కను నేలపై పరచి, అంచులను టేపుతో మూసి, కనీసము 16 గంటలు ఉంచవలెను. అడుగున నీటి బిందువులుగాని నల్లని మచ్చగాని కనబడినచో నేల ఆరలేదు. కనబడనంత మాత్రమున ఆరినదని తలపరాదు. లోపలి సంగతి ఈ పరీక్ష చెప్పజాలదు.

లోపలి తేమ తెలియుటకు నేలలో రంధ్రము చేయవలెను. పైనుండి మాత్రమే ఆరు నేలలో, మందమున నూటికి 40 వంతుల లోతు, అనగా నాలుగంగుళములకు సుమారు ఒకటిన్నర అంగుళములకు పైగా, ఉండవలెను. పైన కప్పిన తరువాత జిగురుకు తగులబోవు తేమ ఎంతయో ఆ లోతున తెలియును. దుమ్ము తుడిచి, గొట్టము దింపి మూసి, 24 గంటల పిమ్మట మీటరుతో సాపేక్ష ఆర్ద్రతను చూడవలెను. మొదటి వేయి చదరపుటడుగులకు మూడుచోట్ల, పైన ప్రతి వేయికి మరియొకచోట పరీక్షింపవలెను. భవనమును వాడునప్పుడుండు వేడిమి, గాలితేమ అంతకు ముందే 48 గంటలు నిలిచియుండవలెను. వచ్చిన అంకెను పలకల తయారీదారు పత్రములోని పరిమితితో పోల్చవలెను.

కావున భవన నిర్మాణము తలపెట్టిన సోదరులు ప్రారంభ దినమును ప్రకటించుటకు ముందే ఈ పరీక్షాఫలితమును వ్రాతమూలముగా కోరుదురుగాక. పరీక్షకగు వ్యయము స్వల్పము. లేచిన నేలను పెరికి మరల వేయించుటకగు ధనము మాత్రము తోటలలో చెమటోడ్చి చందాలిచ్చిన కుటుంబములదే.